కోసి కుట్టిన కాషాయం

బౌద్ధ భిక్షువు కప్పుకున్న చీవరం దూరానికి ఒకే గుడ్డలా ఉంటుంది. దగ్గరికెళితే అతుకులు కనిపిస్తాయి: పొడుగు ముక్క, పొట్టి ముక్క, వాటి నడుమ గట్లు, చుట్టూ అంచు. మగధలోని వరి మడులను చూపించి, ఇలాంటి వస్త్రం చేయగలవా అని బుద్ధుడు అడిగితే శిష్యుడు ఆనందుడు కుట్టి చూపించాడట. భిక్షువుల నియమాల గ్రంథమైన వినయపిటకంలోని మహావగ్గ చెప్పే కథ ఇది. థాయ్‌లాండ్, శ్రీలంక భిక్షువులు నేటికీ అదే నమూనా కడతారు.

మంచి గుడ్డను కోసి మళ్లీ కుట్టడం దేనికి? ముక్కలైన గుడ్డకు అంగట్లో ధర పలకదు, దొంగ కూడా ఆశపడడు. ఒంటిని కాపాడే గుణం మాత్రం చెక్కుచెదరదు.

మా అమ్మమ్మ పాత చీరలతో కుట్టిన బొంతలు కప్పుకుని పెరిగినదాన్ని. అందుకేనేమో, ఈ కథల్లో వైరాగ్యం కన్నా ముందు పనితనమే నన్ను ఆకట్టుకుంటుంది. భిక్షువుకు ఎన్ని వస్త్రాలు కావాలో తేల్చడానికి బుద్ధుడు చలికాలంలో ఒక రాత్రంతా ఆరుబయట కూర్చున్నాడు. మొదట ఒక్కటే కప్పుకున్నాడు. జాము గడిచి చలి వేసినప్పుడల్లా ఇంకొకటి చేర్చుకుంటూ పోతే, తెల్లవారుజాముకు నాలుగు పొరలయ్యాయి. నడుముకు అంతరవాసకం, పైన ఉత్తరాసంగం, వాటి మీద రెండు పొరల సంఘాటి. మూడు వస్త్రాల లెక్క అలా కుదిరింది. భిక్షువు దగ్గర ఉండవలసిన ఎనిమిది వస్తువుల్లో సూది కూడా ఒకటి.

అన్నిటికన్నా నాకు నచ్చింది కౌశాంబి కథ. రాణివాసపు స్త్రీలు ఆనందుడికి అయిదు వందల వస్త్రాలు దానమిస్తే, అన్ని ఏం చేసుకుంటావని అక్కడి రాజు ఉదయనుడు నిలదీశాడు. చీవరాలు చిరిగిన భిక్షువులకు పంచుతామన్నాడు ఆనందుడు. మరి ఆ పాతవో? దుప్పట్లవుతాయి. అవీ పాతబడితే పరుపు గలీబులు, తరువాత నేల మీద పరిచే గుడ్డలు, కాళ్లు తుడుచుకునే పట్టాలు, దుమ్ము దులిపే పేలికలు. చివరికి వాటిని ముక్కలు చేసి, మట్టిలో పిసికి నేలకు మెత్తుతారు. రాజు సంతోషించి మరో అయిదు వందలు ఇచ్చాడు.

ఎడమ భుజం మీదుగా జారి, కింద లావుపాటి అంచుతో ముగిసే చీవరాన్ని మన అమరావతి శిల్పులు రాతిలో చెక్కారు. ఆ తీరు శ్రీలంక శిల్పానికీ చేరింది. రాతిలోనే కాదు, కుట్టే పనిలోనూ ఆ సంప్రదాయం నిలిచింది. భిక్షువులు వానాకాలమంతా ఒకేచోట ఉండే వర్షావాసం ముగిశాక జరిగే ‘కఠిన’ అనే వేడుకలో, దానంగా వచ్చిన గుడ్డను సంఘమంతా కలిసి ఒక్కరోజులోనే కోసి, కుట్టి, రంగు వేయాలి. థాయ్ అరణ్య విహారాల్లో పనస చేవను మరిగించి ఆ రంగు తీస్తారు.

బట్టకు గౌరవం దాని ధరతో రాదు, ఆఖరి పోగు దాకా వాడుకోవడంతో వస్తుంది. చిరిగిందని పక్కన పడేసిన బట్ట మీ బీరువాలో ఉంటే ఈ ఆదివారం బయటికి తీయండి. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని, సూదిలో దారం ఎక్కించడం నేర్పండి.