గంట ఎందుకు, నాన్నా?

పిక్సార్ వారి 'సంజయ్స్ సూపర్ టీమ్' (2015) ఏడు నిమిషాల బొమ్మల చిత్రం. దర్శకుడు సంజయ్ పటేల్ తన బాల్యాన్నే కథగా మలిచారు. తండ్రి పూజలో, కొడుకు టీవీ ముందు. మనలో ఎవరింట లేదీ దృశ్యం?

పిల్లవాడి ఊహలో విష్ణువు, దుర్గ, హనుమంతుడు రాక్షసుణ్ణి ఎదిరిస్తారు. దేవతల్ని కామిక్ వీరుల్ని చేశారని కొందరు నొచ్చుకోవచ్చు. నాకు మాత్రం అసలు సంకేతం గంటలో కనిపించింది. పూజలో గంట మోగించేది దేవతలు రావాలని, రాక్షసులు పోవాలని. ఇక్కడ పిల్లవాడు తన ఆటబొమ్మతోనే గంట కొడతాడు. రాక్షసుడు చావడు, శాంతిస్తాడు. మన పురాణాల పద్ధతికి ఇది భిన్నమే అయినా, కోపం చల్లారవలసింది ఆ ఇంట్లోనే కదా!

"గంట ఎందుకు, నాన్నా?" అని మా అబ్బాయి అడిగితే "ముందు దణ్ణం పెట్టు" అన్నాను. మందు ఎందుకో చెప్పకపోతే రోగి మింగడు. పిల్లలూ అంతే.