ఏడు చేపల్ని పట్టిందెవరు?

తెలుగు పిల్లలందరికీ తెలిసిన చేపల కథ ఒకటే. రాజుగారికి ఏడుగురు కొడుకులు. వేటకెళ్లారు, ఏడు చేపలు తెచ్చారు, ఎండబెట్టారు, ఒకటి ఎండలేదు. అక్కణ్నుంచి విచారణ మొదలు. చేప గడ్డిమోపు మీద చెప్తుంది, గడ్డిమోపు ఆవు మీద, ఆవు కాపరి మీద, కాపరి అవ్వ మీద, అవ్వ పసివాడి మీద, పసివాడు చీమ మీద. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకి ఇది బాగా తెలిసిన వ్యవహారమే. ప్రొడక్షన్‌లో ఏదో ఆగిపోతుంది, ఒక టీమ్ ఇంకో టీమ్ పేరు చెప్తుంది, చివరికి ఎక్కడో చీమంత బగ్ దొరుకుతుంది.

ఈ కథకి వేదాంతార్థం చెప్పే మెసేజ్ మీక్కూడా వాట్సాప్‌లో వచ్చే ఉంటుంది. గడ్డిమోపు అజ్ఞానమట, ఆవు జ్ఞానమట. అన్నిటికీ అర్థాలు దొరికాయి గానీ ఒక చిన్న ప్రశ్న మిగిలిపోయింది. అసలు ఆ చేపల్ని ఎలా పట్టారు? వలేశారా, గాలమేశారా, ఊత పెట్టారా? చెరువులోనా, ఏట్లోనా? ఒక చేప ఎండకపోవడానికి ఆరుగురు సాక్షుల్ని పిలిచిన కథ, ఏడు చేపలు దొరకడానికి ఒక్క సాక్షిని కూడా పిలవదు.

పిల్లల కథకి ఇవన్నీ ఎందుకు, లయ ముఖ్యం కదా అనొచ్చు. నిజమే, ఆ కథకి లయే ప్రాణం. నా ఫిర్యాదు దాని మీద కాదు, పెద్దయ్యాక మనం రాసుకుంటున్న, చూస్తున్న కథల మీద. వాటిల్లో కూడా చేప పట్టుబడిన తర్వాతే వస్తుంది. పట్టే పని, ఆ పని వెనక ఉండే ఆలోచన, కథ మొదలయ్యేలోపే అయిపోయి ఉంటాయి.

'వేట' అనే మాటనే చూడండి. సముద్రం మీద బతికేవాళ్లు చేపలు పట్టడాన్ని వేట అనే అంటారు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా పెట్టే 61 రోజుల విరామాన్ని ప్రభుత్వం కూడా వేట నిషేధమనే రాస్తుంది. ఏడు చేపల కథలో ఆ మాట ఉంది, ఆ మాట వాడే మనుషులు లేరు. వాళ్ల చోటు రాజుగారి కొడుకులకి దక్కింది. పశువుల కాపరి ఉన్నాడు, అన్నం పెట్టే అవ్వ ఉంది, జాలరి మాత్రం లేడు. ఇది ఎవరో కుట్ర చేసి తీసేశారని నేననను. కథ చెప్పేవాళ్లకి చేప అంటే ఇంటికి వచ్చిన సరుకు. అది ఎక్కణ్నుంచి వచ్చిందో వాళ్లకి అవసరం పడలేదు. మన ఆధునిక కథ కూడా చాలావరకు అక్కడే నిలబడి ఉంది.

పట్టే పనిని కథ చేయడం ఎలా ఉంటుందో చూడాలంటే హెమింగ్వే 1952లో రాసిన 'ది ఓల్డ్ మ్యాన్ అండ్ ది సీ' ఉంది. అందరూ దాన్ని మనిషి పట్టుదల గురించిన పుస్తకంగా చదువుతారు. ఈసారి కొలతల కోసం చదివి చూడండి. ముసలాయన నాలుగు ఎరలు దించుతాడు. ఒకటి 40 బారల లోతున, రెండోది 75, తర్వాతవి 100, 125. ఇంగ్లిష్ ఫ్యాథమ్‌కి మన దగ్గర బార అని చక్కటి మాట ఉంది, చేతులు రెండూ చాపితే వచ్చే పొడవు. తాళ్లు నీళ్లలోకి నిటారుగా దిగాలి, ఎర తాను అనుకున్న లోతులోనే ఉండాలి, ఇదీ ఆయన పట్టింపు. మిగతా బెస్తవాళ్లు ఎరని ప్రవాహానికి వదిలేసి వంద బారల్లో ఉందనుకుంటారు, అది అరవైలో ఉంటుంది. ఆయన స్వభావం ఏమిటో రచయిత వేరే చెప్పక్కర్లేదు. 84 రోజులు ఒక్క చేపా పడని మనిషి అప్పటికీ తాడు నిటారుగా ఉందో లేదో చూసుకుంటున్నాడు. పట్టుదల అంటే అదే. ఆ కొలతలు తీసేస్తే మిగిలేది ఒక సూక్తి.

అది సముద్రం, లోతు లెక్క. సరస్సు మీద ఇదే పని అడ్డంగా జరుగుతుంది. క్లీవ్‌లాండ్‌లో ఉండే నా ఇంజనీరింగ్ క్లాస్‌మేట్ ఒకడు ఈరీ సరస్సు మీద తీసిన వీడియోలు పంపిస్తుంటాడు. వాళ్లు పట్టేది వాలై అనే చేప. దాని కంటి వెనక పిల్లి కంటికున్నట్టు వెలుతురుని తిప్పికొట్టే పొర ఉంటుంది, అందుకే మసక వెలుతుర్లో, కలక నీళ్లలో అది బాగా వేటాడుతుంది. ఈరీ సరస్సు వైశాల్యం 25 వేల చదరపు కిలోమీటర్లు దాటుతుంది, సగటు లోతు మాత్రం 19 మీటర్లే, అంటే పదిబారల చిల్లర. పడవ మెల్లగా, మనం నడిచే వేగంలో పోతుంటే వెనక ఎరలు ఈదుతూ వస్తాయి. ఇబ్బంది ఏమిటంటే, లోతు తక్కువ కాబట్టి చేపలు పడవ చప్పుడికి బెదిరి పక్కలకి తప్పుకుంటాయి. ఎర వాటి మీదుగా పోవాలి, పడవ పోకూడదు.

దీనికి వాళ్ల ఉపాయం ప్లేనర్ బోర్డు. సుమారు అడుగు పొడవుండే పలక, చెక్కదో ప్లాస్టిక్‌దో. దాని ముందు అంచు ఏటవాలుగా కోసి ఉంటుంది. గాలం తాడుని దానికి క్లిప్పుతో తగిలించి నీళ్లలో వదుల్తారు. పడవ ముందుకి లాగుతుంది, ఏటవాలు అంచుకి తగిలిన నీళ్లు పలకని పక్కకి నెడతాయి. రెండూ కలిసి పలక పడవకి దూరంగా జరిగి పక్కనే సాగుతుంది. గాలిపటం ఎగిరే సూత్రమే, గాలి బదులు నీళ్లు. ఇలా కుడివైపు మూడు, ఎడమవైపు మూడు పలకలు వదిలితే ఒక్క పడవ వెడల్పాటి దారిని జల్లెడ పట్టేస్తుంది. పలక మీద చిన్న జెండా ఉంటుంది. వరసలో ఒక పలక వెనకబడితే, జెండా వాలితే, అక్కడ చేప పడినట్టు.

నన్ను ఆపేసింది ఇంకో విషయం. పడవని కుడివైపు తిప్పినప్పుడు కుడివైపు పలకలు నెమ్మదిస్తాయి, ఎడమవైపువి వేగం అందుకుంటాయి. చేప ఎడమవైపు పడితే వాళ్లు మొత్తం పడవ వేగం పెంచుతారు. కుడివైపు పడితే తగ్గిస్తారు. మేం ఆఫీసులో ఏ/బి టెస్టింగ్ అని పెద్ద పేరు పెట్టుకున్నది సరస్సు మీద ఒక మలుపులో అయిపోతుంది. చేప కనపడదు, దాని మనసులో మాట తెలుసుకోడానికి పడవ తిప్పి చూస్తారు.

ఇప్పుడు మన కథల సంగతి. అమెరికా తెలుగు కథల్లో నేను చదివినంతవరకు సరస్సు వీకెండ్ పిక్నిక్‌కి, ఫొటోకి, ఒంటరితనానికి పనికొచ్చింది. వీసా, వంటిల్లు, అమ్మానాన్నల ఫోన్లు కథలయ్యాయి, అవ్వాల్సిందే. కానీ నలుగురు మనుషులు మూడు గంటలు మాట్లాడకుండా ఆరు జెండాల వంక చూస్తూ కూర్చునే పడవ కూడా కథే కదా. ఎవరు వేగం పెంచమంటారు, ఎవరి మాట నెగ్గుతుంది, ఎవరు విసుక్కుంటారు, పట్టిన చేపని ఎవరు నీళ్లలోకి వదిలేద్దామంటారు? పరాయి నేలని ఒక పని ద్వారా తెలుసుకుంటున్న మనిషి ఆ పడవలో దొరుకుతాడు. ఫొటోలో దొరకడు.

ఇది ప్రవాసుల లోపం మాత్రమే కాదు. తకళి శివశంకర పిళ్లై 1956లో రాసిన 'చెమ్మీన్' మనవాళ్లు కూడా ఇష్టపడే నవల. అందులో సముద్రం మీదకి పోయిన మగవాడి క్షేమం ఒడ్డున ఉన్న భార్య శీలం మీద ఆధారపడుతుందన్న నమ్మకమే కథని నడుపుతుంది. చివర్లో పళని సొరచేపకి గాలం వేసినప్పుడు కూడా మన కళ్లు ఒడ్డు వైపే ఉంటాయి. ఆ దృశ్యం బలమైనదే. దాని వల్ల జరిగే నష్టం ఏమిటంటే, సముద్రం మీద పళనికున్న నేర్పు కథలో చెల్లదు. అతని ప్రాణం అతని చేతిలో, అతని తాడులో ఉండదు. ఇటు 2025లో వచ్చిన 'తండేల్' శ్రీకాకుళం నుంచి గుజరాత్ పడవల మీద కూలికి పోయే మత్స్యకారుల కథ, 2018లో పాకిస్తాన్‌కి చిక్కినవాళ్ల అనుభవం దానికి ఆధారం. ఆ వలసని తెరమీదకి తెచ్చినందుకు మెచ్చుకోవాలి. అయినా మనకి గుర్తుండేది ప్రేమ, సరిహద్దు, జైలు. తండేలు అంటే పడవకి నాయకుడు. ఏం తెలిస్తే ఒక మనిషి తండేలు అవుతాడన్నది నాకు సినిమా అయ్యాక కూడా ప్రశ్నే.

జాలరి మన కథల్లో ప్రేమికుడు, బాధితుడు, అమాయక భక్తుడు అవుతున్నాడు. తెలిసినవాడు మాత్రం అవట్లేదు. నాకు ఇబ్బంది అక్కడ. జాలి పుష్కలంగా చూపిస్తున్నాం, ఆ మనిషికి బుర్ర ఉందని ఒప్పుకోడానికి మాత్రం పేజీలు చాలట్లేదు.

అక్కినేని కుటుంబరావు 'కొల్లేటి జాడలు' లేదా అంటారు. ఉంది, అందుకే దాని పేరు మళ్లీ మళ్లీ వస్తుంది. సరస్సుని సీనరీగా కాకుండా జనం బతికే చోటుగా చూసిన నవల అది. ఇంకో అభ్యంతరం, వివరాలు ఎక్కువైతే కథ మాన్యువల్ అయిపోతుందని. అవుతుంది, ఆ వివరం ఎవరి నిర్ణయాన్నీ మార్చకపోతే. పలక ఎన్ని అంగుళాలుందో నాకు అక్కర్లేదు. ఏ జెండా చూసి ఎవరు ఏం చేశారో కావాలి.

మా ఊరు ఏటికొప్పాక కాబట్టి ఇంకోటి చెప్పాలి. 20వ శతాబ్దం మొదట్లో మిషిగన్‌లో జేమ్స్ హెడ్డన్ కంపెనీ చెక్కతో ఎరచేపలు చేసి అమ్మింది. నునుపు చేసిన చెక్క, దాని మీద రంగు. వరాహ నది ఒడ్డున మా ఊళ్లో అంకుడు కర్రని లేతు మీద తిప్పుతూ లక్క బద్ద ఆనిస్తారు, రాపిడి వేడికి లక్క కరిగి చెక్కకి పడుతుంది. చూడ్డానికి రెండూ చుట్టాల్లా ఉంటాయి, పరీక్షే వేరు. బొమ్మని చూసేది పిల్లలు, మెరిస్తే చాలు. ఎరచేపని చూసేది చేప. ఎంత మెరిసినా నీళ్లలో ఈదకపోతే అది దాని మొహం చూడదు.

పల్లె గురించి, వృత్తుల గురించి మనం రాసేది ఎక్కువగా మెరుస్తోంది. మా బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సహజ రంగుల కోసం పనిచేసిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. వచ్చిన వ్యాసాలన్నీ వారసత్వం, సంప్రదాయం అంటాయి. లక్క ఎంత వేడెక్కితే చెయ్యి వెనక్కి తియ్యాలో పనివాడికి ఎలా తెలుస్తుందని అడిగిన వ్యాసం నా కంట పడలేదు. పూడిమడక మా ఊరికి గంట ప్రయాణం. అక్కడ పడవ మీద పోయేవాళ్లకి తెలిసిన లోతులు, ఎరలు, గాలులు కథల్లోకి రాకుండానే ఒక తరం వెళ్లిపోతోంది. వాళ్ల పిల్లలు చదువుకుంటున్నారు. రాసేవాళ్లు వాళ్లలోంచి వస్తే ఏడు చేపల కథ మళ్లీ మొదటి వాక్యం నుంచి రాయాల్సి వస్తుంది.

అప్పటిదాకా చదివేవాళ్లం ఒక పని చెయ్యొచ్చు. జాలరి గురించో, బొమ్మలు చేసేవాళ్ల గురించో కథ వచ్చినప్పుడు కన్నీళ్లొచ్చాయా అని కాకుండా, ఆ మనిషి ఏం చూసి ఏం నిర్ణయించుకున్నాడో కథలో ఉందా అని వెతకొచ్చు. లేకపోతే రచయితని అడగొచ్చు, ఎన్ని బారల్లో వేశాడండీ అని.