కోరపన్నుకు ముందు కిడ్నీ పరీక్ష

టెక్కలిలో పళ్ళ వైద్యం చేస్తున్న నాకు కోరపన్నంటే ప్రత్యేకమైన గౌరవం. నోట్లో అన్నింటికన్నా పొడవైన వేరు దానిదే. దవడ పక్కకు జరిగినప్పుడు పై కోర, కింది కోర ఒరుసుకుని దవడ పళ్ళను అరిగిపోకుండా కాస్తాయి. అది ఊడిన చోట ఇంప్లాంటు పెడితే ఆ పక్క ఒత్తిడి టైటానియం స్క్రూ మీద పడుతుంది. అందుకే పైన తొడిగే క్యాపును ఎంతో ఓపికగా అరగదీసి సరిచేస్తాను.

ఎముకకు రంధ్రం చేసేటప్పుడు నా ధ్యాసంతా వేడి మీదే. 47 డిగ్రీల వేడి ఒక్క నిమిషం తగిలినా ఎముక దెబ్బతింటుంది. చల్లని సెలైన్ ధార ఆపకుండా సన్నటి డ్రిల్లుతో మొదలుపెట్టి, కొంచెం కొంచెంగా సైజు పెంచుతాను. డ్రిల్లు గాళ్ళలో చిక్కిన ఎముక పొడి తడిగా, ఎర్రగా కనిపిస్తే మనసు కుదుటపడుతుంది.

స్వీడన్‌లో బ్రానెమార్క్ అనే వైద్యుడు 1965లో తొలి రోగికి ఇంప్లాంట్లు అమర్చాడు. ఎముక టైటానియానికి గట్టిగా అతుక్కుంటుందన్నదే ఈ వైద్యానికి ఆధారం. అందుకు మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. మరి ఆ ఎముకలోనే సత్తువ లేకపోతే?

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలోని కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు నుంచి వచ్చినవాళ్ళను నోరు తెరవమనే ముందే కిడ్నీల సంగతి అడుగుతాను. కిడ్నీలు దెబ్బతింటే రక్తంలో ఫాస్ఫరస్ పేరుకుంటుంది, విటమిన్ డి సరిగా పనిచేయదు, ఎముకలోని కాల్షియం తరిగిపోతుంది. పలాస జీడి కార్ఖానాలో పనిచేసే ఒకావిడ, "పన్ను సలిపితే కొట్లో బిళ్ళ కొని మింగేస్తున్నాను బాబూ" అంది. ఆ మాటకు నా గుండె గుభేలుమంది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి బిళ్ళలు పాడైన కిడ్నీలను ఇంకా పాడుచేస్తాయి. స్క్రూ మాట పక్కనపెట్టి ముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్షకు పంపాను.

డయాలసిస్ చేయించుకునేవారికి రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు కాబట్టి పంటి పని మర్నాడు పెట్టుకోవాలి. కిడ్నీ డాక్టరు సరేనన్నాకే మొదలుపెట్టాలి. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మొదలైంది కాబట్టి, ఇప్పుడు ఆ మాట కనుక్కోవడానికి విశాఖ దాకా పోనక్కర్లేదు.

ఉద్దానం అమ్మలారా, అయ్యలారా! కోరపన్ను ఆర్నెల్లు ఆలస్యమైనా పరవాలేదు. పంటి నొప్పికి కొట్లో బిళ్ళలు కొనకండి. ఇంప్లాంటుకు వచ్చేటప్పుడు మీ క్రియాటినిన్ రిపోర్టు వెంట తెచ్చుకోండి, డాక్టరు అడగకపోయినా మీరే చూపించండి.