ఒకే స్తంభములో రెండు కొలతలు

పల్నాటిలో వెల్దుర్తి, మాచర్ల ప్రాంతముల నుండి నాగార్జునసాగరమునకు విహారయాత్ర పోవు విద్యార్థులు జలాశయమును, కుడికాలువను, విద్యుత్కేంద్రమును చూచి వత్తురు. స్విచ్‌యార్డును మాత్రము కంచె బయటినుండియే దాటిపోవుదురు. అచ్చట వరుసలుగా నిలిచియుండు పింగాణి స్తంభములలో కొన్ని తీగను మోయుటకు గాక, తీగలోని విద్యుత్తును కొలుచుటకు ఏర్పడినవి.

అట్టివానిలో కరెంటును కొలుచుదానిని పనివారు సి.టి. అందురు, వోల్టేజిని కొలుచునది పి.టి. 220 కిలోవోల్టుల లైనులో ఒక్కొక్క తీగకును భూమికిని నడుమ 127 కిలోవోల్టులుండును. ఏ మీటరును దానిని భరింపజాలదు. కావున పి.టి. దానిని 2000వ వంతుకు తగ్గించి 63.5 వోల్టులుగా అందించును. అట్లే తీగలోని 800 ఆంపియర్లను సి.టి. 1 ఆంపియరుగా చేయును. ఈ రెండింటిని ఒకే పింగాణి గొట్టములో ఇమిడ్చినచో అది సంయుక్త ట్రాన్స్‌ఫార్మరు. స్థలము కలిసివచ్చును, ఒక్కొక్క ఫేజుకు ఒక స్తంభము, ఒక పునాది తగ్గును. ఈ మెప్పు అంతయు నిజమే. కాని అందులో కొలత ఊసు లేదు. కొలుచు సాధనమును మొదట కొలతను బట్టియే పరీక్షింపవలెను గదా!

కొలతలో పోవునది ఎంత? 2014 జూన్ 2 నాటి రాష్ట్ర విభజనతో సాగరు ప్రధాన విద్యుత్కేంద్రము తెలంగాణకును, కుడికాలువ కేంద్రము ఆంధ్రప్రదేశ్‌కును చెందినవి. నదికి ఇరువైపుల రెండు లెక్కల పుస్తకములు తెరువబడినవి. రాష్ట్రముల సరిహద్దు దాటు లైన్లపై విద్యుత్తును పావుగంట పావుగంటకు, అనగా దినమునకు 96 మారులు లెక్కకట్టుదురు. ఒక లైనుపై 200 మెగావాట్లు పోవుచున్నవనుకొందము. సాధనములో నూటికి 0.2 తప్పు ఉన్నచో 400 కిలోవాట్లు తేడా వచ్చును. దినమునకు 9,600 యూనిట్లు. ఆ సొమ్ము ఒకరి పద్దులోనుండి వేరొకరి పద్దులోనికి నిశ్శబ్దముగా జారిపోవును.

ఈ 0.2 ఊరకే పుట్టిన అంకె కాదు. 0.2 తరగతి సి.టి. పూర్తి కరెంటువద్ద అంత తప్పు చేయవచ్చునని ప్రమాణములే అనుమతించుచున్నవి. దానితోబాటు డిగ్రీలో 60వ వంతైన నిమిషములలో 10 నిమిషముల దశాభేదమును గూడ అనుమతించుచున్నవి. చూచుటకు స్వల్పము. కాని పవర్ ఫ్యాక్టరు 0.8 అయినపుడు ఈ 10 నిమిషములే సామర్థ్యపు లెక్కలో నూటికి 0.22 తప్పు తెచ్చును. (10 నిమిషములు 0.0029 రేడియనులు, దానిని ఆ కోణపు టాంజెంటు 0.75 తో గుణించిన తెలియును. పదవ తరగతి త్రికోణమితి దీనికి చాలును.)

ఇచ్చటనే సంయుక్త నిర్మాణమునకు ఒక గొప్ప గుణము కలదు. సి.టి., పి.టి.లు రెండును ఒకే దిశలో సమానముగా దశ తప్పినచో, మీటరుకు ఆ తప్పు కనబడదు. లెక్కకు వచ్చునది రెండింటి భేదమే. రెండింటిని ఒకే చేతిలో నిర్మించువాడు వానిని జోడుగా సరిదిద్దగలడు. నా దృష్టిలో ఇది స్థలపు ఆదాకంటె విలువైనది. అయితే సి.టి. తప్పు కరెంటుతో మారుచుండును. పూర్తి కరెంటులో నూటికి 5 వంతులే పారునపుడు అదే తరగతికి నూటికి 0.75 తప్పు, 30 నిమిషముల దశాభేదము చెల్లును. కావున ఒక కరెంటువద్ద కుదిరిన జోడు వేరొకదానివద్ద విడిపోవచ్చును.

ఇక లోపము సంగతి. ఒకే గూటిలోనున్న రెండు సాధనములు ఒకదానినొకటి చెరచవచ్చును. పి.టి.లోని అధిక వోల్టేజి భాగమునకును సి.టి. ద్వితీయ చుట్టకును నడుమ 50 పైకోఫారడ్ల కెపాసిటీ ఉన్నదనుకొందము. 127 కిలోవోల్టుల వద్ద, 50 సైకిళ్ల ఏ.సి.లో, దానిగుండా 2 మిల్లీ ఆంపియర్లు పారును. ద్వితీయ చుట్టలో 1 ఆంపియరు ఉన్నపుడు ఇది నూటికి 0.2 మాత్రమే. అర్ధరాత్రి లోడు తగ్గి ఆ 1 ఆంపియరు 0.05కు దిగినపుడు అదే 2 మిల్లీ ఆంపియర్లు నూటికి 4 అగును! అందుచేత చుట్టచుట్టును లోహపు తెర కట్టి భూమికి కలుపుదురు. రెండవ వైపునుండి కూడ బాధ కలదు. 800 ఆంపియర్ల తీగకు అరమీటరు దూరములో అయస్కాంత క్షేత్రము భూమి క్షేత్రమునకు సుమారు 8 రెట్లు. షార్టుసర్క్యూటులో కరెంటు 20 రెట్లయిన 160 రెట్లు. ఈ క్షేత్రము తీగచుట్టు వలయములుగా తిరుగును గనుక, పి.టి. చుట్టల అక్షమును తీగకు సమాంతరముగా ఉంచినచో ఆ వలయములు చుట్టలో దూరవు. అంతర్జాతీయ ప్రమాణములలో సంయుక్త సాధనములకు వేరుగా ఒక భాగమే కలదు. అందు ఈ పరస్పర ప్రభావమును కొలుచు పరీక్షలు చెప్పబడినవి. కొనువారు ముందు అడుగవలసినది ఆ పరీక్షా ఫలితములనే. విడివిడిగా చేసిన తరగతి పరీక్షలు చాలవు.

కాంతితో కొలుచు నూతన సాధనములు ఈ చిక్కును చాలవరకు తప్పించును. గాజులో అయస్కాంత క్షేత్రము వెంబడి పోవు ధ్రువిత కాంతి తలము తిరుగునని 1845లో ఫారడే కనుగొనెను. విద్యుత్‌క్షేత్రమువలన కొన్ని స్ఫటికములలో కాంతి నడక మారుటను 1893లో పోకెల్సు పరిశీలించెను. గాజు తంతువును తీగచుట్టు పూర్తి వలయముగా తిప్పినచో, ఆ వలయములో చిక్కిన కరెంటు మాత్రమే కొలతకు వచ్చును. పొరుగు ఫేజు తీగ పలుకదు. ఇనుము లేదు, కావున సంతృప్తి బాధ లేదు. నూనె లేదు, కావున పేలుడు భయము లేదు.

అయినను పల్నాటిలో ఒక ప్రశ్న మిగులును. వేసవిలో రెంటచింతల పేరు వార్తాపత్రికలకు ఎక్కని సంవత్సరము అరుదు. చలికాలపు తెల్లవారుజామున 15 డిగ్రీలు, మే మధ్యాహ్నమున 45 డిగ్రీలు అనుకొన్న, 30 డిగ్రీల తేడా. క్వార్ట్‌జు గాజులో ఫారడే భ్రమణము డిగ్రీకి సుమారు నూటికి 0.007 వంతున మారును. 30 డిగ్రీలకు నూటికి 0.2! తరగతికి అనుమతించిన తప్పు అంతయు ఎండకే సరిపోయినది. దీనిని సరిదిద్దుటకు ఉష్ణమాపకమును చేర్చవచ్చును. కాని అపుడు రెండు కొలతల స్తంభములో మూడవ కొలత వచ్చి చేరును, దాని తప్పును మనము మోయవలెను. పైగా ప్రమాణములలోని సాధారణ వర్గములు 40 డిగ్రీలతో ముగియును. 50 డిగ్రీల వరకు పనిచేయవలెనని కొనువాడు ప్రత్యేకముగా కోరవలెను. కోరనిచో అది తయారీదారుని తప్పు కాదు.

ఒక స్తంభము చెడినచో రెండు కొలతలును పోవునను ఆక్షేపణ తరచు వినబడును. అది వినుటకు తోచినంత బలమైనది కాదు. లైనుపై లోపము ఎంత దూరమున జరిగెనో తెలుపు డిస్టెన్సు రిలే వోల్టేజిని కరెంటుతో భాగించి చూచును; రెంటిలో ఏది పోయినను అది గుడ్డిదే. అయితే పి.టి. వేరుగానున్నచో అది చెడినపుడు బస్‌బారుమీది వోల్టేజిని తాత్కాలికముగా వాడుకొని లైనును నడుపవచ్చును. సంయుక్త సాధనములో ఆ వెసులుబాటు లేదు, స్తంభమునే తీసివేయవలెను.

నాకు ఎక్కువ భయము కలిగించునది స్తంభము పాదమువద్దనున్న చిన్న పెట్టె. సి.టి. ద్వితీయ చుట్టను పని జరుగుచుండగా తెరచి ఉంచరాదు: ఎదురు కరెంటు లేక, లైను కరెంటంతయు ఇనుమును అయస్కాంతీకరించుటకే పోయి, ప్రాణాంతకమైన వోల్టేజి పుట్టును. పి.టి. ద్వితీయ చుట్టను కలిపివేయరాదు: కాలిపోవును. ఒకదానికి విధి అయినది రెండవదానికి నిషేధము. రెండింటి కొసలను ఒకే పెట్టెలో, ఒకే రకము మరలతో, ఒకే రంగు తీగలతో అమర్చిన నిర్మాణము, దాని తరగతి ఎంత గొప్పదైనను, చెడ్డ నిర్మాణము. వర్షములో టార్చిలైటు వెలుగున ఆ పెట్టె విప్పువానికి రెండు వేరు పెట్టెలు, రెండు వేరు తాళములు, సి.టి. వైపు కొసలను ముందుగా కలిపివేయు లింకు ఉండవలెను.