గ్రాంటు ఎవరి సొమ్ము?

ద్వీపాల జీవవైవిధ్యాన్ని కాపాడే పౌరసంఘాలకు విదేశీ నిధుల నుంచి గ్రాంట్లు రావడాన్ని గురించి మన అభ్యుదయవాదులలో రెండు మాటలు వినిపిస్తుంటాయి. అది సామ్రాజ్యవాదుల బిచ్చమని ఒకటి. పక్షులూ చెట్లూ పొట్ట నిండినవాళ్ల ముచ్చటని రెండవది. ఈ రెండూ తొందరపాటు తీర్పులేనని నా అభిప్రాయం. మారిషస్ చరిత్రే ఇందుకు సాక్ష్యం.

ఆ దీవి అడవిని ఎక్కువగా కొట్టించింది చెరుకు తోటల పెట్టుబడి. ఆ తోటల్లో మొదట బానిసలు, 1835లో బానిసత్వం రద్దయిన తర్వాత ఒప్పంద కూలీలు చాకిరీ చేశారు. వారిలో మన కోరంగి రేవున ఓడెక్కిన తెలుగువారూ ఉన్నారు. నేడు అక్కడ చెడకుండా మిగిలిన స్వదేశీ అడవి 2 శాతం కూడా లేదు. అనగా అడవిని కొల్లగొట్టినదీ, కూలివాని రక్తం పీల్చినదీ ఒకే చేయి. అందుచేత అడవి గోడు కూలివాని గోడుకు పరాయిది కాదు.

1974 నాటికి తెలిసినంతవరకు నాలుగే మిగిలిన మారిషస్ కెస్ట్రెల్ అనే చిన్న డేగ తర్వాత వందలకు పెరిగింది. 1984లో ఏర్పడిన మారిషియన్ వైల్డ్‌లైఫ్ ఫౌండేషన్ వంటి సంఘాల కృషికి విదేశీ విరాళాలు తోడయ్యాయి. దీన్ని కాదనడం వాస్తవాన్ని కాదనడమే.

అయితే విమర్శ ఇక్కడితో ఆగరాదు. 2000లో ఏర్పడిన క్రిటికల్ ఎకోసిస్టమ్ పార్ట్‌నర్‌షిప్ ఫండ్ మడగాస్కర్, హిందూమహాసముద్ర ద్వీపాల సంఘాలకు గ్రాంట్లిచ్చింది. దాని దాతలుగా నిలిచినవారిలో ప్రపంచ బ్యాంకు, జపాను ప్రభుత్వం ఉన్నాయి. ప్రణాళిక రాసేటప్పుడు స్థానికులను సంప్రదిస్తారు, నిజమే. కాని ఆమోదముద్ర దాతల మండలిది. పైగా గ్రాంటుకు గడువుంటుంది. నాటిన మొక్క చెట్టయ్యేలోగా ఆ గడువు తీరిపోతుంది. తర్వాత నీళ్లు పోసేదెవరు?

2020 జూలై 25న జపాను కంపెనీకి చెందిన వకాషియో అనే ఓడ మారిషస్ పగడపు దిబ్బపైకెక్కింది. ఆగస్టులో సుమారు 1,000 టన్నుల చమురు సముద్రంలో కలిసింది. నాడు వేలాది జనం ఏ గ్రాంటు కోసమూ కాచుకొని కూర్చోలేదు. ఎండిన చెరుకాకును సంచుల్లో కుక్కి, వరుసగా కట్టి, నీటిపై తేల్చి చమురుకు అడ్డు వేశారు. ఏ పంట కోసం అడవి నరికారో, ఆ పంట ఆకుతోనే కూలీల మునిమనుమలు తీరాన్ని కాచారు!

గ్రాంటును తిరస్కరించమని నేననను. అది దానం కాదు, పాత బాకీలో స్వల్పభాగం. బాకీ రాబట్టుకొనేవాడు చేతులు కట్టుకొని నిలబడనక్కరలేదు. నేడు సంఘాలు దాతకు లెక్క చెబుతున్నాయి. ఆ లెక్కను తీరప్రజలు కూడా అడిగి చూడగలగాలి. ఏ పని ముందో, ఎన్నేళ్లో తేల్చడంలో వారి మాట చెల్లాలి. మన విమర్శకు గురి కావలసినది ఆ అధికారం, ఆ డేగ కాదు.