పేరు మారిన అంగుళము

గడచిన సంవత్సరము మా కళాశాల విద్యార్థులు కొందరిని వెంటబెట్టుకొని, కట్టుబడిలోనున్న ఒక యింటిని చూడబోతిని. ఇంజనీరు గీసిన పటములో స్తంభము కొలత 230 × 300 మిల్లీమీటర్లని యున్నది. తాపీ మేస్త్రీ దానిని "తొమ్మిది, పన్నెండు" అని చదివి, టేపును అంగుళముల వైపునకు త్రిప్పి కొలుచుచున్నాడు. "మెట్రిక్ పద్ధతి వచ్చి ఇన్నేండ్లయినది గదా, ఇదేమి?" అని ఒక విద్యార్థి నవ్వెను. నాకు మాత్రము మేస్త్రీ చదివినదే సరియని తోచినది. పటములోని 230 నిజమునకు తొమ్మిది అంగుళములే. పేరు మాత్రమే మారినది.

మన దేశమున తూనికలు కొలతల ప్రమాణముల చట్టము 1956లో వచ్చినది. 1958 అక్టోబరు 1 నుండి మెట్రిక్ పద్ధతి దశలవారీగా అమలైనది. నిర్మాణ శాస్త్రజ్ఞులు ఇందులో వెనుకబడలేదు. కాంక్రీటు కట్టడములకు సంబంధించిన భారతీయ ప్రమాణము 456, 1964 సవరణలో కిలోగ్రాము, సెంటీమీటరులతోను, 1978 సవరణలో న్యూటన్, మిల్లీమీటరులతోను వెలువడినది. కాంక్రీటులో వేయు ఉక్కు ఊచలు నేడు 8, 10, 12, 16 మి.మీ. వ్యాసములతోనే తయారగుచున్నవి. ఇది చిన్న విజయము కాదు. కాని కాగితముపై పూర్తిగా గెలిచిన పద్ధతి కట్టుబడిలో సగమే గెలిచినదని నా విమర్శ.

కొలతను మార్చుటకు రెండు మార్గములు గలవు. పాత వస్తువునే ఉంచి దాని కొలతను క్రొత్త ప్రమాణములో వ్రాయుట మొదటిది. క్రొత్త ప్రమాణమునకు తగినట్లు వస్తువునే మార్చుట రెండవది. ఊచల విషయములో రెండవ మార్గము నడచినది. ఇటుకల విషయములో నడువలేదు. భారతీయ ప్రమాణము 1077 సూచించిన ఇటుక 19 × 9 × 9 సెం.మీ. ఒక సెంటీమీటరు సిమెంటు మాలుతో అది 20 × 10 × 10 అగును. మీటరు పొడవున ఐదు ఇటుకలు, మీటరు ఎత్తున పది వరుసలు! ఇంతకన్న సులభమైన లెక్క యేమున్నది? కాని పాత కొలత ఇటుకకు కూడ ఆ ప్రమాణపత్రమే చోటిచ్చినది. అలవాటు ఆ చోటును విడువలేదు.

దీని ఫలితము లెక్కతో ఆగదు. గోడ తొమ్మిది అంగుళములైనందున, మూలలు గదిలోనికి పొడుచుకొని రాకుండుటకై స్తంభమును కూడ తొమ్మిది అంగుళములకే సరిపెట్టుచున్నారు. భూకంపములను తట్టుకొనవలసిన కాంక్రీటు కట్టడములకై 2016లో సవరింపబడిన భారతీయ ప్రమాణము 13920, అట్టి కట్టడములలో స్తంభము ఏ వైపునను 300 మి.మీ.కు తగ్గరాదన్నది. వంగుటను ఎదుర్కొను దృఢత్వము, మందము యొక్క ఘనమును అనుసరించి పెరుగును. వెడల్పు మారకుండ, మందము 230కి బదులు 300 ఉంచినచో ఆ దిశలో దృఢత్వము సుమారు 2.2 రెట్లగును. విద్యార్థులు తామే గుణించి చూడవచ్చును. కనుక ఈ 70 మి.మీ. తేడా గది అందమునకు సంబంధించినది కాదు. ఇంటివారి ప్రాణములకు సంబంధించినది.

రెండవ లోపము బోధించు వారమైన మాది. కిలోగ్రాము ద్రవ్యరాశికి ప్రమాణము, న్యూటన్ బలమునకు. 1964 పద్ధతిలో ఎం 150 అనగా, 28 రోజుల దిమ్మ చదరపు సెంటీమీటరునకు 150 కిలోగ్రాముల బలమును ఓర్చు కాంక్రీటు. 1978లో అది ఎం 15 అయినది. అనగా చదరపు మిల్లీమీటరునకు 15 న్యూటన్లు. "పదితో భాగించుడు" అని చెప్పి మేము ఊరకుందుము. కాని ఒక కిలోగ్రాము బలము 9.81 న్యూటన్లే గనుక, ఆ 150 నిజమునకు 14.7 మాత్రమే. భారమును 9.81కి బదులు 10తో గుణించిన తప్పు రక్షణ వైపునకు పోవును. సామర్థ్యమును అట్లు గుణించిన అపాయము వైపునకు పోవును. రెండింటిని ఒకే విధముగా గుణించినచో తప్పులు పరస్పరము సరిపోవును. ఒకదానినే గుణించినచో సరిపోవు. తేడా నూటికి రెండే. అయినను, ఏ వైపునకు తప్పుచున్నామో ఎరుగకుండ తప్పుట శాస్త్రము కాదు.

కట్టుబడిలో మరియొక సూత్రము వాడుకలో నున్నది. ఊచ వ్యాసమును మి.మీ.లలో తీసికొని, వర్గము చేసి, 162తో భాగించినచో మీటరు ఊచ తూకము కిలోగ్రాములలో వచ్చును. 12 మి.మీ. ఊచకు 144ను 162తో భాగింపగా 0.89 కి.గ్రా. ఈ 162 ఎక్కడిదని అడిగినచో చాలమంది విద్యార్థులు తడబడుదురు. ఘనపు మీటరు ఉక్కు 7850 కి.గ్రా. అని తీసికొని, వృత్త వైశాల్యముతో గుణించినచో అది దానంతటదే వచ్చును. ఉన్నత పాఠశాలలోనే చేయింపదగిన లెక్క యిది.

ఉపాధ్యాయులకు నా మనవి ఒక్కటే. అడుగులను మీటర్లుగా మార్చు లెక్కలు తగ్గించి, తరగతి గోడను, తలుపును, ఇటుకను పిల్లలచే నేరుగా మీటర్లలో కొలిపింపుడు. తన ఎత్తును సెంటీమీటర్లలోనే తలచు బాలుడు, రేపు ఇంజనీరై పటములో 230 అని వ్రాయుటకు ముందు, "ఈ అంకె ఎక్కడి నుండి వచ్చినది?" అని తన్ను తాను ప్రశ్నించుకొనును.