పాల ప్యాకెట్ మూల తెంచకండి

పాల ప్యాకెట్ కత్తిరించేటప్పుడు మూలను పూర్తిగా తెంచేయడం అందరికీ అలవాటే. తెగిన ముక్క గోరంత ఉంటుంది. అది సింకులోకో వాకిట్లోకో పోతుంది. ప్యాకెట్ పాత సామాన్లవాళ్లకు చేరినా ఆ ముక్క మాత్రం ఎవరికీ చేరదు. మా ఇంట్లో మూలకు గాటు మాత్రం పెట్టి, ముక్కను ప్యాకెట్‌కే వేలాడనిస్తాం. పాలు ఒంపుకున్నాక కాసిని నీళ్లు పోసి ఆడించి, ఆ నీళ్లు కరివేపాకు మొక్కకు పోస్తాం. ప్యాకెట్‌ను దండేనికి క్లిప్పు పెట్టి బోర్లా ఆరేస్తాం. కడగకుండా చుట్టి పడేస్తే మర్నాటికి పులిసిన వాసన, చీమలు. ఇక దాన్ని ముట్టుకునే నాథుడు ఉండడు. అదే కడిగి ఆరబెట్టినదైతే కొనేవాళ్లున్నారు. ఇదంతా అర నిమిషం పని. పల్లెలో చెత్తను తిరిగి వాడకంలోకి తేవడం గురించి నాకు తెలిసిందంతా ఈ అర నిమిషం చుట్టూనే తిరుగుతుంది.

తడి చెత్త పల్లెకు కొత్త కాదు. కుడితి తొట్టి ఉన్న ఇంట్లో బియ్యం కడుగు, గంజి, కూరగాయల తొక్కలు గేదెకు పోయేవి. పేడ, కసువు దిబ్బలో పడేవి. ఎండాకాలంలో దిబ్బను బండ్లకెత్తి పొలానికి తోలేవారు. గొడ్లు తగ్గాయి, దొడ్లలో ఇళ్లు లేచాయి, ఆ వరస తెగింది. అయినా దాన్ని మళ్లీ అతికించుకోవచ్చు. నీడ, తేమ, వానపాములు ఉంటే 45 నుంచి 60 రోజుల్లో ఎరువు చేతికొస్తుంది. ఆదిలాబాద్ జిల్లాలో ముక్రా-కె అనే చిన్న ఊరు ఇలా చేసిన వర్మీకంపోస్టును అమ్మి పంచాయతీకి లక్షల్లో ఆదాయం తెచ్చుకుంది. వానపాముల తొట్టెలో గాజు పెంకు, షాంపూ సాషే పడితే మాత్రం ఆ ఎరువును రైతు చేత్తో ముట్టుకోడు. వేరు చేయడమంతా ఇంటి దగ్గరే జరగాలి. పంచాయతీ చెత్త షెడ్డుకు చేరాక కలిసిన చెత్తను విడదీయడం మనిషి చేత చేయించకూడని పని.

పొడి చెత్త సంగతి వేరు. దానికి పల్లెలో పాత దారి ఏదీ లేదు.

మాది కృష్ణా డెల్టా. ఇక్కడ సెంటు నేల కూడా పంట భూమే. డంపింగ్ యార్డుకు స్థలం కావాలంటే చూపించడానికి పోరంబోకు మిగల్లేదు. అందుకని చెత్త కాలువ గట్టుకు చేరుతుంది. వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లో అది ఎండి, చెదిరి, అడుగుకు జారుతుంది. ప్రకాశం బ్యారేజీ నుంచి నీళ్లు వదిలాక ఆ కవర్లన్నీ కదిలి తూముల దగ్గర అడ్డం పడతాయి. నారుమడికి నీళ్లు పెట్టుకోవాలంటే రైతు తూములోకి చెయ్యి జొనిపి, బురదతో జారే కవర్లను గుప్పిళ్లకొద్దీ లాగాలి. మంచినీళ్ల చెరువు నింపేది కూడా ఆ కాలువ నీళ్లతోనే. గట్టు మీద చెత్త చూసినప్పుడల్లా నాకు ఈ చెరువే గుర్తొస్తుంది, కడుపులో దేవినట్టవుతుంది.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనడం అన్యాయం. ఆంధ్రలో ఊరూరా చెత్త నుంచి సంపద తయారీ కేంద్రాలంటూ షెడ్లు కట్టారు, గ్రీన్ అంబాసిడర్లను పెట్టారు. తెలంగాణలో 2019లో మొదలైన పల్లె ప్రగతిలో పంచాయతీలకు ట్రాక్టర్లు, డంపింగ్ యార్డులు వచ్చాయి. 2020లో మొదలైన స్వచ్ఛ భారత్ గ్రామీణ్ రెండో దశలో 5,000 లోపు జనాభా ఉన్న ఊళ్లకు ఘన వ్యర్థాల పనికి తలకు 60 రూపాయల లెక్కన నిధులు పెట్టారు. అయినా చాలా షెడ్లకు తాళం కనిపిస్తుంది. నా దృష్టిలో దీనికి పెద్ద కారణం తూకం.

మా షెడ్డులో పనిచేసే అమ్మాయి ఏరుతుంటే దగ్గర కూర్చుని చూడండి. ముందు సంచిని నేల మీద గుమ్మరించి ఒకసారి దులుపుతుంది. నీళ్ల సీసా మూత తీసి మూతను ఒక డబ్బాలోకి విసిరి, సీసాను మడమతో నొక్కుతుంది. అట్టలు ఒక పక్క, గట్టి ప్లాస్టిక్ ఒక పక్క, కవర్లు ఇంకో పక్క. బీరు సీసాలు మాత్రం లెక్కన పోతాయి గనక పగలకుండా నిలబెడుతుంది. చిప్స్ ప్యాకెట్లన్నీ గోడవార గుట్ట. లీటరు సీసాలు నలభయ్యో యాభయ్యో పోగైతే గాని కిలో తూగదు. నొక్కకపోతే సంచి నిండినట్టు కనిపిస్తుంది గాని తూకం రాదు. రెండు వేల జనాభా ఊరిలో నెలంతా ఏరినా వ్యాపారి బండికి కిరాయి గిట్టదు. అతను రాడు. సరుకు మూలుగుతుంది. చివరికి ఎవరో ఒకరు నిప్పు పెడతారు.

కాబట్టి ఒక్కో ఊరు విడిగా లెక్క చూసుకుంటే ఈ పని ఎప్పటికీ గిట్టదు. ఇరవై ఊళ్ల సరుకు ఒకచోట చేరాలి. స్వచ్ఛ భారత్ రెండో దశలో బ్లాకుకు, అంటే మండలానికి, ఒక ప్లాస్టిక్ యూనిట్‌కు 16 లక్షల వరకు ఇచ్చే ఏర్పాటు చేశారు. అక్కడ బేళ్లు కట్టే యంత్రం ఉంటే బండి నిండుతుంది, బేరమాడే బలం వస్తుంది. ఎవరూ కొనని చిప్స్ ప్యాకెట్లను, సాషేలను సిమెంటు ఫ్యాక్టరీలకు పంపొచ్చు. ఆ బట్టీల్లో వేడి 1,400 డిగ్రీలు దాటుతుంది, బొగ్గుతోపాటు అవీ ఇంధనమవుతాయి. జగ్గయ్యపేట, యర్రగుంట్ల, తాండూరు వైపు సిమెంటు బట్టీలకు కొదవ లేదు. ఇకమీదట వచ్చే డబ్బును కొత్త షెడ్లకు కాకుండా ఈ బండి కిరాయికి, ఏరేవాళ్ల జీతాలకు పెట్టాలని నేను గట్టిగా కోరుతున్నాను. నెలల తరబడి జీతం అందని మనిషిని రోజూ ఆరింటికల్లా బండి తొయ్యమని అడిగే మొహం మనకుందా?

షెడ్డులో ఏరే ఆ అమ్మాయి నన్ను అడిగింది ఒక్కటే. “పిన్నిగారూ, డైపర్లు, ప్యాడ్లు పొడి చెత్తలో వెయ్యద్దని మీరైనా చెప్పండి. సంచిలో చెయ్యి పెడితే అవే తగులుతున్నాయండి.” వాటిని కాగితంలో చుట్టి, ఎర్ర గుర్తు పెట్టి విడిగా ఇవ్వాలి. చుట్టడానికి పాత పేపరు లేని ఇల్లుందా? ఈ మాట చెప్పడానికి సిగ్గుపడి ఊరుకుంటే ఆ అమ్మాయి చేతులకు రోజూ అవే తగులుతూ ఉంటాయి.

ఇళ్ల వెంట పడినంతగా మనం దుకాణాల వెంట పడం. టీకొట్టులో వాడే పేపరు కప్పులకు లోపల ప్లాస్టిక్ పూత ఉంటుంది కాబట్టి చిత్తు కాగితాలవాళ్లు తీసుకోరు. చికెన్ సెంటర్ల వ్యర్థాలు రాత్రిళ్లు చేపల చెరువులకు పోతున్నాయన్నది గోదావరి, కృష్ణా జిల్లాల్లో చిన్నపిల్లలకూ తెలిసిన సంగతే. పురుగుమందుల డబ్బాలు పొలం గట్ల మీదే పడుంటాయి. వాటిని మూడుసార్లు కడిగి, ఆ నీళ్లు పిచికారీ పంపులోనే పోసుకుని, మళ్లీ ఇంట్లో వాడకుండా అడుగుకు చిల్లు పెట్టి అప్పగించాలి. అమ్మిన దుకాణమే తిరిగి తీసుకుంటే రైతు తెచ్చి ఇస్తాడు. డ్రిప్పు పైపులను పాత సామాన్లవాళ్లు కొంటారు. మట్టి అంటిన పల్చటి మల్చింగ్ షీటును ఎవరూ కొనరు. మిర్చి, పుచ్చ తోటల్లో అది పీలికలై నేలలోనే కలిసిపోతోంది. ఈ ఒక్కదానికి మాత్రం నా దగ్గర తేలికైన ఉపాయమేదీ లేదు.

పెళ్లిళ్లకైతే ఉపాయం ఉంది. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు 2022 జులై 1 నుంచి నిషేధం. అయినా భోజనాలయ్యాక ఫంక్షన్ హాలు వెనక్కి వెళ్లి చూడండి, చిన్న నీళ్ల సీసాలు సగం తాగి వదిలేసినవే గుట్టగా కనిపిస్తాయి. సిద్దిపేట జిల్లాలో మహిళా సంఘాలు స్టీలు బ్యాంకులు నడుపుతున్నాయి. కంచాలు, గ్లాసులు, గిన్నెలు అద్దెకిస్తారు. పెళ్లివారికి ఖర్చు తగ్గుతుంది, సంఘానికి నాలుగు డబ్బులొస్తాయి. మా ఊరి డ్వాక్రా సంఘంవాళ్లు రెండు వందల కంచాలతో మొదలుపెడదామంటున్నారు. కంచాల కొనుగోలుకు పంచాయతీ కొంత చెయ్యి కలపాలని, పొడి చెత్త ఎత్తే మండల బండి ఏ ఊరికి ఏ వారం వస్తుందో పంచాయతీ బోర్డు మీద రాసి పెట్టాలని వచ్చే గ్రామసభలో అడగబోతున్నాం. అర్జీ రాసి పెట్టాను. సంతకాలు పెట్టించే పని ఈ ఆదివారం మొదలవుతుంది.